మినీ డీవీ కెమెరాకి నమ్మకమైన టేపు ఎంచుకోవడం ఎలా

చిన్న డిజిటల్ టేపు క్యాసెట్ వేసే పాత మినీ డీవీ కెమెరా దుమ్ము దులిపి మళ్ళీ వాడదామనుకునేవాళ్ళు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. షార్ట్ ఫిల్మ్‌కి 2000ల నాటి పెళ్ళి వీడియో లుక్ కావాలని కొందరు, ఎడిటింగ్‌లో ఎన్ని ఫిల్టర్లు వేసినా ఆ రంగు రావట్లేదని కొందరు, నాన్న కొన్న హ్యాండీక్యామ్ బీరువాలో ఉంది కదా అని కొందరు. కెమెరా దొరకడం పెద్ద కష్టం కాదు, టేపు దగ్గరే అందరూ ఆగిపోతారు. ఏ కంపెనీది కొనాలి, పాత స్టాకు పనిచేస్తుందా, వాడేసిన టేపు మీద మళ్ళీ తీయొచ్చా అని సవాలక్ష అనుమానాలు. వరుసగా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే టేపు విషయంలో తప్పు జరిగితే అది షూటింగ్ అయిపోయాకే బయటపడుతుంది, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఖరీదైన టేపు వేస్తే బొమ్మ బాగా వస్తుందనేది నిజం కాదు. వీహెచ్‌ఎస్ రోజుల్లో నాసిరకం టేపుకి, మంచి టేపుకి బొమ్మలోనే తేడా కనిపించేది, ఆ అలవాటు కొద్దీ చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటారు. 1995లో వచ్చిన డీవీ ఫార్మాట్‌లో టేపు మీదకి ఎక్కేవి అంకెలు. మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో 720 × 576 సైజు బొమ్మ, సెకనుకి 25 ఫ్రేములు, వీడియోకి సెకనుకి 25 మెగాబిట్లు. చౌక టేపు వేసినా, ప్రొఫెషనల్ టేపు వేసినా ఎక్కేది అదే. తేడా అంతా ఆ అంకెలు తిరిగి చదివేటప్పుడు వస్తుంది. టేపు మీద పూత ఎక్కడైనా రేగినా, దుమ్ము రేణువు పడినా అక్కడి డేటా పోతుంది. కొంచెమే పోతే కెమెరాలోని ఎర్రర్ కరెక్షన్ దాన్ని పూర్తిగా సరిచేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. అంతకు మించి పోతే ముందు ఫ్రేములోంచి ముక్క తెచ్చి ఖాళీలో అతికిస్తుంది. పెళ్ళి వీడియోల్లో మనిషి నడుస్తుంటే ఒక్క క్షణం మొహం మీద చదరపు గళ్ళు పడతాయి చూడండి, అదే అది. దాన్నే డ్రాపౌట్ అంటారు. మంచి టేపు అంటే డ్రాపౌట్లు తక్కువ ఉన్న టేపు, హెడ్డుకి, అంటే టేపు మీద రాసే, చదివే భాగానికి, మురికి అంటించని టేపు. అంతకుమించి దాని నుంచి ఇంకేం ఆశించొద్దు.

ఇది ఎంత సున్నితమైన వ్యవహారమో కూడా తెలియాలి. టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు. హెడ్డులు అమర్చిన డ్రమ్ము నిమిషానికి 9000 సార్లు తిరుగుతూ దాని మీద ఏటవాలుగా 10 మైక్రాన్ల వెడల్పు ట్రాకులు గీస్తుంది, అంటే ఒక్క తల వెంట్రుక మందంలో ఐదారు ట్రాకులు ఇమిడిపోతాయి. పాల్‌లో ఒక్కో ఫ్రేముకి 12 ట్రాకులు. వేలితో ఒక్కసారి టేపుని తాకితే ఎన్ని ట్రాకులు పాడవుతాయో మీరే ఊహించుకోండి.

మీ కెమెరాకి ఏ క్యాసెట్ పడుతుందో చూసుకోండి

కెమెరాలో క్యాసెట్ పెట్టే మూత మీద, లేదా పక్కన మినీ డీవీ అని లోగో ఉంటుంది. అది ఉంటేనే మినీ డీవీ టేపు కొనండి. సోనీ 1999 నుంచి అమ్మిన డిజిటల్ 8 కెమెరాలు కూడా డిజిటల్ వీడియోవే, కానీ వాటికి కావాల్సింది పెద్ద సైజు హై8 క్యాసెట్, మన దగ్గరి పాల్ మోడళ్ళలో 90 నిమిషాల హై8 టేపు మీద గంట రికార్డవుతుంది. మైక్రో ఎంవీ అని ఇంకా చిన్న క్యాసెట్ వాడే సోనీ కెమెరాలు కూడా కొన్ని వచ్చాయి, అవి మీ చేతికొస్తే టేపుల కోసం తిప్పలు పడే బదులు ఆ కెమెరాని వదిలేయడమే మేలు.

అమెరికాలో ఉన్న చుట్టాలు పంపిన కెమెరా అయితే అది అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీది అయ్యుంటుంది. ఖాళీ క్యాసెట్ విషయంలో దీనికి కంగారు అక్కర్లేదు, పాల్‌కైనా ఎన్‌టీఎస్‌సీకైనా టేపు ఒకటే. రికార్డ్ చేసిన టేపుని మాత్రం దానికి తగిన కెమెరాలోనే ఆడించాలి.

హెచ్‌డీవీ, అంటే టేపు మీద హెచ్‌డీ వీడియో తీసే, కెమెరా ఉన్నవాళ్ళకి కూడా వేరే రకం టేపు అవసరం లేదు, అదే మినీ డీవీ క్యాసెట్. 63 నిమిషాల హెచ్‌డీ టేపులని విడిగా అమ్మారు గానీ మామూలు టేపు మీద కూడా హెచ్‌డీవీ ఎక్కుతుంది. కాకపోతే హెచ్‌డీవీ 1080ఐలో ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఆధారపడి గుంపులుగా ఉంటాయి, పాల్ వైపు ఒక్కో గుంపుకి 12 ఫ్రేములు. ఒక్క డ్రాపౌట్ పడితే గళ్ళతో పోదు, దాదాపు అర సెకను బొమ్మ బిగుసుకుపోవచ్చు. అందుకే హెచ్‌డీవీకి మాత్రం కొంచెం ఖర్చు ఎక్కువైనా పైస్థాయి టేపే తీసుకోండి.

60 నిమిషాలదే కొనండి, ఎస్‌పీలోనే తీయండి

80 నిమిషాల టేపు చూస్తే ఆశ పుడుతుంది. అదే సైజు క్యాసెట్‌లో ఎక్కువ టేపు పట్టాలంటే టేపుని పల్చగా చేయాల్సిందే కదా. పల్చటి టేపు తొందరగా సాగుతుంది, అంచు మడతపడుతుంది, రోలర్లు అరిగిన పాత కెమెరాలో నలిగి చుట్టుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఇప్పుడు మన చేతుల్లో ఉన్నవన్నీ పాత కెమెరాలే, కాబట్టి దాని జోలికి పోవద్దు.

మామూలు వేగం ఎస్‌పీ, టేపుని నెమ్మదిగా నడిపి ఎక్కువసేపు తీసేది ఎల్‌పీ. ఆ ఎల్‌పీ మోడ్ కూడా అంతే. 60 నిమిషాల టేపు మీద 90 నిమిషాలు వస్తాయి, నిజమే, బొమ్మ నాణ్యత కూడా తగ్గదు. కానీ ట్రాకు వెడల్పు 10 మైక్రాన్ల నుంచి 6.7 దగ్గరికి పడిపోతుంది. ఆ సన్నటి ట్రాకుల్ని తీసిన కెమెరానే సరిగ్గా చదవలేకపోవచ్చు, ఇక వేరే కెమెరాలో పెడితే గళ్ళు తప్ప ఏమీ రాకపోయినా ఆశ్చర్యం లేదు. మెనూలోకి వెళ్ళి ఎస్‌పీ పెట్టండి, పనిలో పనిగా ఆడియో 12 బిట్ ఉంటే 16 బిట్‌కి మార్చండి.

కంపెనీ సంగతి

1990ల చివర్లో, 2000ల మొదట్లో వీడియోగ్రాఫర్ల మధ్య ఒక గట్టి మాట నడిచేది. సోనీ, పానాసోనిక్ టేపుల్లో ఒకదాంట్లో పొడి లూబ్రికెంట్ (టేపు సులువుగా జారడానికి వేసేది), ఇంకోదాంట్లో తడి లూబ్రికెంట్ ఉంటుందని, ఒకే కెమెరాలో రెండూ మార్చి మార్చి వాడితే హెడ్డు మీద పేస్టులా పేరుకుని మూసేస్తుందని. తర్వాత కంపెనీలు తయారీ మార్చాయి, ఆ గొడవ తగ్గిందనే వాళ్ళూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, కారణం లూబ్రికెంటే అయినా కాకపోయినా, ఒక కెమెరాకి ఒకే కంపెనీ, వీలైతే ఒకే మోడల్ టేపు అనే పద్ధతి ఇప్పటికీ సరైనదే. ఒక్కో టేపు హెడ్డుని ఒక్కో రకంగా రుద్దుతుంది, ఒక్కో రకం పొడి రాలుస్తుంది. ఒకే రకం వాడితే ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం వెతకడం కూడా సులువు.

సోనీలో ప్రీమియం అనే డీవీఎం60పీఆర్, దాని పైన ఎక్సలెన్స్, ఇంకా పైన డిజిటల్ మాస్టర్ ఉండేవి. పానాసోనిక్‌లో పీక్యూ, ఎంక్యూ, ఏఎంక్యూ. జేవీసీ, ఫూజీ, మాక్సెల్, టీడీకే కూడా చేశాయి. మన దగ్గర పెళ్ళిళ్ళకి పానాసోనిక్ ఎండీ10000, సోనీ పీడీ170 రాజ్యమేలిన రోజుల్లో కూడా చాలామంది మామూలు ప్రీమియం టేపుతోనే పని కానిచ్చారు. హెచ్‌డీవీ కాకుండా మామూలు డీవీలో తీసేవాళ్ళకి ఆ స్థాయి సరిపోతుంది. పైస్థాయి టేపులో పూత ఇంకొంచెం శ్రద్ధగా ఉంటుంది, డ్రాపౌట్లు తగ్గుతాయి, కానీ చెమ్మ గదిలో పదిహేనేళ్ళు పడి ఉన్న మాస్టర్ టేపు కంటే పొడి గదిలో సీలుతో ఉన్న ప్రీమియం టేపు నయం.

చాలామందికి తెలియని దారి ఇంకొకటుంది. డీవీకి సోనీ తెచ్చిన ప్రొఫెషనల్ రూపం డీవీక్యామ్, దాని టేపులు, అంటే సోనీ పీడీవీఎం-40ఎన్ లాంటివి, మినీ డీవీ కెమెరాలో నిక్షేపంగా పనిచేస్తాయి. పైన 40 అని ఉంటుంది చూసి వదిలేస్తారు. అది డీవీక్యామ్ వేగంలో 40 నిమిషాలు, మామూలు డీవీ ఎస్‌పీలో అదే టేపు 60 నిమిషాలు వస్తుంది. టీవీ ఛానెళ్ళు, స్టూడియోలు మూటగట్టి అమ్మేసే సామానులో ఇవి సీలు తీయకుండా దొరికితే వదలొద్దు.

కొనేటప్పుడు ఏం చూడాలి

ఇప్పుడు మార్కెట్లో కనిపించేది చాలావరకు పాత స్టాకే. 2011 మార్చి సునామీలో సెందాయ్ దగ్గరున్న సోనీ టేపు ఫ్యాక్టరీ దెబ్బతిని ప్రొఫెషనల్ టేపులకి ప్రపంచమంతా కటకట వచ్చింది, స్టూడియోలు ఫైళ్ళ వైపు మళ్ళడం అప్పుడు ఇంకా జోరందుకుంది. కాబట్టి తయారైన ఏడాది కంటే ఇన్నేళ్ళూ ఎక్కడ పెట్టారన్నదే అసలు ప్రశ్న, అమ్మేవాళ్ళని మొహమాటం లేకుండా అడగండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో గోడౌన్‌లో ఉన్న సరుకంటే నేను జంకుతాను, అక్కడి చెమ్మకి టేపు అంచున బూజు పట్టడం మామూలు. రేకుల షెడ్డు కింద ఎండాకాలాలు గడిపిన సరుకూ అంతే.

మూసిన కెమెరా షాపులు, పెళ్ళి వీడియో స్టూడియోలు, ఓఎల్‌ఎక్స్, ఈబే, ఎక్కడైనా వెతకొచ్చు. విడిగా తలో రకం పది తీసుకోకండి. ఒకే డబ్బాలోంచి, ఒకే లాట్ నంబరున్నవి ఐదు తీసుకోండి. ఒకటి పరీక్షిస్తే మిగతావాటి సంగతి చాలావరకు తెలిసిపోతుంది, అదే తలో లాటుదీ అయితే ఒక్కోదాన్నీ పరీక్షించాల్సిందే.

సీలు విప్పాక క్యాసెట్‌ని కిటికీ దగ్గరికో, టేబుల్ ల్యాంపు కిందికో తీసుకెళ్ళండి. క్యాసెట్ మీదున్న పారదర్శకమైన భాగంలోంచి టేపు చుట్ట కనిపిస్తుంది. చుట్ట పైభాగం నున్నగా, ఒకే మట్టంగా ఉండాలి. మధ్యలో ఒక వరస పైకి పొడుచుకొచ్చినట్టు ఉంటే, మెట్టులా గీత కనిపిస్తే దాన్ని సరిగ్గా చుట్టలేదని అర్థం. తెల్లటి చుక్కలో, పొడి మచ్చలో కనిపిస్తే అది బూజు. అలాంటి క్యాసెట్‌ని కెమెరాలో అసలు పెట్టొద్దు, ఆ బూజు హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి టేపుకీ పాకుతుంది. ముందువైపు చిన్న మూత కొంచెం ఎత్తి, టేపుని తాకకుండా, వెలుతురు పడేలా వాల్చి చూడండి. నల్లగా అద్దంలా మెరవాలి. అంచు అలలుగా కనిపిస్తే పక్కన పెట్టేయండి. క్యాసెట్ అంచు మీద నాలుగు చిన్న లోహపు చుక్కలుంటాయి, టేపు రకం ఏమిటో కెమెరాకి చెప్పేవి అవే, వాటికి తుప్పుంటే ఆ క్యాసెట్ చెమ్మలో ఉందన్నమాట.

పరీక్ష, దీన్ని మాత్రం దాటెయ్యకండి

మొదట టేపుని చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి, మళ్ళీ మొదటికి తిప్పండి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న చుట్టలో బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది, ఇలా ఒకసారి తిప్పితే సమానంగా సర్దుకుంటుంది. తిప్పుతున్నప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఒకే తీరు శబ్దం రావాలి. మధ్యలో గరగరమన్నా, వేగం తగ్గి మళ్ళీ పెరిగినా వెంటనే ఆపేయండి.

తర్వాత రికార్డ్ చేయాలి. చాలామంది లెన్స్ మూత పెట్టేసి నల్లగా గంట రికార్డ్ చేస్తారు, ప్లే చేసి చూసి బాగుందనుకుంటారు. ఆ పరీక్ష వల్ల ఉపయోగం లేదు. డేటా పోయినచోట కెమెరా ముందు ఫ్రేములోని ముక్కని అతికిస్తుందని పైన చెప్పాను కదా, బొమ్మ కదలకుండా ఉంటే అతికించిన ముక్కకీ అసలు ముక్కకీ తేడా ఏముంటుంది? వంద డ్రాపౌట్లున్నా ఒక్కటీ కనిపించదు. కాబట్టి కదిలేదాన్ని తీయండి. బాల్కనీలోంచి రోడ్డు మీద బళ్ళు, గాలికి ఊగే వేపచెట్టు, లేదా టీవీలో కింద స్క్రోలింగ్ పరిగెత్తే న్యూస్ ఛానెల్. ఫ్రేము నిండా కదలిక ఉండేలా చూసుకోండి, పక్కన పాటలు పెట్టండి, ఆడియోలో టిక్కుమనే శబ్దాలు, చిన్న చిన్న మౌనాలు కూడా డ్రాపౌట్ గుర్తులే. టైముంటే గంటా తీయండి, లేకపోతే మొదట్లో, మధ్యలో, చివర్లో తలా పది నిమిషాలు.

ప్లే చేసి చూసేటప్పుడు గళ్ళు పడినచోట టైమ్‌కోడ్, అంటే టేపు మీద నమోదైన టైము, రాసుకోండి. వెనక్కి తిప్పి మళ్ళీ ప్లే చేయండి. సరిగ్గా అదే టైమ్‌కోడ్ దగ్గర మళ్ళీ పడితే లోపం టేపుది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పడుతుంటే హెడ్డు మీద మురికి తిరుగుతోందని అనుమానించాలి. బొమ్మంతా అడ్డంగా పట్టీలు పట్టీలుగా, ఒక పట్టీ కదులుతూ పక్క పట్టీ నిలిచిపోయి ఉంటే రెండు హెడ్డుల్లో ఒకటి మూసుకుపోయింది, టేపుని తిట్టి లాభం లేదు. క్లీనింగ్ క్యాసెట్ వేసి పది సెకన్లు ప్లే చేసి తీసేయండి. దాన్ని వెనక్కి తిప్పకండి, వాడేసిన మురికి భాగం మళ్ళీ హెడ్డు మీదకి వస్తుంది. పొడి క్లీనింగ్ క్యాసెట్ హెడ్డుని కొంచెం అరగదీస్తుంది కూడా, అందుకే రోజూ వేసే అలవాటు వద్దు.

కంటితో చూడటం కంటే కచ్చితమైన పద్ధతి కావాలంటే టేపుని ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్‌కి ఎక్కించి డీవీ రెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరవండి. కెమెరా ఏ ఫ్రేములో ఎన్ని ముక్కలు అతికించిందో డీవీ ఫైల్లోనే గుర్తులుంటాయి, అది వాటిని చదివి గ్రాఫ్ వేసి చూపిస్తుంది. యూఎస్‌బీ తీగతో ఈ పని జరగదు, చాలా హ్యాండీక్యామ్‌లలో యూఎస్‌బీ ఫోటోలకో, నాసిరకం బొమ్మకో మాత్రమే పనికొస్తుంది. గంటలో ఒకటో రెండో చిన్న డ్రాపౌట్లు వస్తే ఆ లాటు నేను వాడతాను. నిమిషానికొకటి వస్తుంటే ఐదూ వెనక్కిచ్చేయాల్సిందే.

వాడేసిన టేపులు

ప్రాక్టీసుకి, కెమెరా పరీక్షకి వాడుకోండి. తిరిగిరానిది ఏదైనా తీసేటప్పుడు మాత్రం వద్దు. టేపు హెడ్డు కింద నుంచి వెళ్ళిన ప్రతిసారీ పూత కొంచెం అరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త రికార్డింగ్ జరుగుతుండగా ఒక హెడ్డు మూసుకుపోతే ఆ హెడ్డు రాయాల్సిన ట్రాకుల్లో పాత డేటా చెరగకుండా అలాగే ఉండిపోతుంది. ప్లే చేస్తే మీ షూట్ మధ్యలో ఎప్పటిదో ఎవరి పెళ్ళో ముక్కలు ముక్కలుగా తొంగిచూస్తుంది. ఇంకో మాట, ఇంట్లో దొరికిన టేపు మీద ఏమీ రాసి లేదు కదా అని ఖాళీ అనుకోకండి. చివరిదాకా ప్లే చేసి చూడండి, తాతగారి గొంతు ఉండేది అందులోనే కావచ్చు.

షూటింగ్ రోజు

కెమెరాని ఏసీ కారులోంచో, ఏసీ గదిలోంచో తీసి నేరుగా ఉక్కపోతలోకి తెచ్చి ఆన్ చేయొద్దు. చల్లటి డ్రమ్ము మీద నీటి చెమ్మ పడుతుంది, టేపు దానికి అతుక్కుని చుట్టుకుపోతుంది. చాలా కెమెరాలు చెమ్మ హెచ్చరిక చూపించి ఆగిపోతాయి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. కెమెరాని, టేపుల్ని బ్యాగులోనే ఉంచి, బ్యాగుని గంట ముందే షూటింగ్ జరిగే చోట పెట్టండి. క్యాసెట్లతో పాటు సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి.

టేపు మొదట్లో 30 సెకన్లు ఊరికే రికార్డ్ చేసి వదిలేయండి, క్యాసెట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎక్కువ నలిగేది ఆ భాగమే. మధ్యలో క్యాసెట్ తీసి మళ్ళీ పెట్టాల్సి వస్తే చివరి షాటు మీదే కొంచెం వెనక నుంచి మొదలుపెట్టండి, ఖాళీ వదిలితే టైమ్‌కోడ్ మళ్ళీ సున్నా నుంచి మొదలై కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు చుక్కలు చూపిస్తుంది. పెళ్ళి తీస్తుంటే ముహూర్తం టైము ముందే పంతులుగారిని అడిగి, జీలకర్ర బెల్లానికి పావుగంట ముందే కొత్త టేపు వేసేయండి, పాతదాంట్లో ఇంకా ఇరవై నిమిషాలున్నా సరే. రెండో కెమెరా ఉంటే రెండింట్లో టేపు ఒకేసారి అయిపోకుండా చూసుకోండి.

షూట్ అవగానే క్యాసెట్ వెనకున్న చిన్న మీటని సేవ్ వైపు జరపండి. తేదీ, సందర్భం అక్కడికక్కడే లేబుల్ మీద రాయండి. మొదటికి తిప్పి, డబ్బాలో పెట్టి, పుస్తకంలా నిలబెట్టి ఉంచండి, టీవీ మీద, స్పీకర్ల పక్కన వద్దు. గంట టేపు ఫైలుగా మారితే దాదాపు 13 జీబీ. ఆ వారంలోనే, తీసిన కెమెరాతోనే ఎక్కించేయండి, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి, ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూశాకే టేపుని బీరువాలో పెట్టండి.